రేకు మీద గీత

నర్సాపూర్ అడవి దాటాక మెదక్ రోడ్డు కౌడిపల్లి మీదుగా పోతుంది. అక్కడ బస్సు దిగి చాయ్ తాగుదామని ఓ చిన్న హోటల్లో కూర్చున్నాను. ఎదురుగా గోడకు క్యాలెండర్. తామరపువ్వులో నిలుచున్న లక్ష్మి, పక్కన ఏనుగు, కింద ఎరువుల దుకాణం పేరు. బయట తుమ్మచెట్టు దగ్గర ఒక మేక వెనక కాళ్ళ మీద లేచి, ముందు కాళ్ళు మానుకు ఆనించి, అందని కొమ్మ కోసం మెడ సాచి ఉంది. గోడ మీది లక్ష్మినీ చెట్టు కింది మేకనూ చూస్తుంటే, మన దేశంలో అచ్చుబొమ్మ నడిచిన రెండు దారులూ ఒక్కచోటే కనబడ్డట్టనిపించింది.

ఆ లక్ష్మి పుట్టిల్లు 1894లో బొంబాయిలో మొదలైన రవివర్మ ప్రెస్సు. మేక సంగతి వేరు. అటువంటి మేకను రేకు మీద సూదితో గీసి, ఆమ్లంలో ముంచి, తడి కాగితం మీదకు దింపినవాడు ఈ జిల్లావాడే. ఉమ్మడి మెదక్ జిల్లా నిజాంపూర్‌లో 1940లో పుట్టిన కలాల్ లక్ష్మా గౌడ్. లక్ష్మి లక్షల ఇళ్ళకు చేరింది. మేక కొద్దిమంది గోడల మీదకే చేరింది. అయినా ఈ వ్యాసం ఎక్కువగా మేక వైపువాళ్ళ గురించే. అంటే రేకునో చెక్కనో రాతినో తమ చేత్తో మలిచి, బొమ్మకు బాధ్యత తామే తీసుకున్నవాళ్ళ గురించి.

తెలుగులో 'అచ్చు' అన్న మాటకు ఈ కళంటే కొంత చిన్నచూపు ఉన్నట్టే కనిపిస్తుంది. ఇద్దరు ఒకేలా ఉంటే అచ్చు గుద్దినట్టున్నారంటాం. అచ్చంటే మనకు నకలు. చిత్రకారుడు స్వయంగా ఇలా రేకు నుంచి దింపిన ఎచింగును చూసి కూడా చదువుకున్నవాళ్ళే 'ఒరిజినల్ ఎక్కడుంది?' అని అడుగుతారు. రేకు ఒరిజినల్ కాదు, అది పనిముట్టు. కాగితం మీదకు దిగిన ప్రతి బొమ్మా ఒరిజినలే. రేకు మీద బొమ్మ ఎప్పుడూ తిరగబడి ఉంటుంది, కాగితం మీద పడ్డాకే కుడి కుడిగా, ఎడమ ఎడమగా కనిపిస్తుంది. ఈ చిన్న విషయం వివరించలేకే మన చిత్రకారులు చాలామంది సగం జీవితం గడిపారు.

నిజానికి అచ్చు మనకు కొత్తదేమీ కాదు. మచిలీపట్నం దగ్గర పెడనలో టేకుచెక్క మీద పూలూ లతలూ చెక్కి బట్ట మీద అద్దేవాళ్ళు చేసేదీ అచ్చు పనే. చెక్కిన అచ్చును రంగులో ముంచి, బట్ట మీద పెట్టి, వెనక అరచేత్తో ఒక్క దెబ్బ కొడతారు. ఒక గడి పక్క గడితో వెంట్రుకవాసి తేడా లేకుండా కలవాలి. అదంతా కంటి అంచనాతోనే. అయితే బట్ట మీద అచ్చు బట్టతోనే చిరుగుతుంది, చెక్కినవాడి పేరు ఎక్కడా మిగలదు. కాగితం మీద అచ్చు కథ వేరేవిధంగా మొదలైంది.

అచ్చుయంత్రం 1556లో గోవా చేరింది. తెలుగు అక్షరాలు మొదటిసారి అచ్చయింది మాత్రం మన గడ్డ మీద కాదు, 1746లో జర్మనీలోని హాలే పట్టణంలో. ఆ పని చేసినవాడు మద్రాసులో తెలుగు నేర్చుకుని వెళ్ళిన మతప్రచారకుడు బెంజమిన్ షుల్జ్. తెలుగు నేల బొమ్మల విషయంలోనూ జరిగింది ఇదే. బొమ్మ ఇక్కడ గీశారు, రేకు అక్కడ చెక్కారు.

దీనికి గట్టి సాక్ష్యాలు రెండు పుస్తకాలు. ఒకటి విశాఖపట్నంలో తయారైంది. పాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండు వైద్యుడు 1780ల మొదట్లో తమ్ముడితో పాటు అక్కడికి వచ్చి, ఈస్టిండియా కంపెనీకి ప్రకృతి పరిశోధకుడిగా పనిచేశాడు. కూలీలూ పాములవాళ్ళూ పట్టి తెచ్చిన పాముల బొమ్మలు గీయించి, వాటి తెలుగు పేర్లను తన చెవికి వినబడ్డట్టే రోమన్ లిపిలో రాసుకున్నాడు. కోరమాండల్ తీరపు పాముల మీద అతని పుస్తకం 1796లో లండన్‌లో వచ్చింది. అందులో ఒక పాము పేరు 'బంగారు పాము'. నలుపూ పసుపూ పట్టీలుండే ఆ కట్లపాము జాతికి ఈ పేరు చూసే 1803లో శాస్త్రజ్ఞుడు డోడాన్ 'బంగారస్' అని లాటిన్ పేరు పెట్టాడు. ప్రపంచంలో ఎక్కడ కట్లపాము గురించి రాసినా ఈనాటికీ ఆ పేరే. ఇంకొకటి 'కాటుకరేకుల పొడ', మనం రక్తపింజర అనేది. ఒంటి మీద వరసగా ఉన్న మచ్చలను కాటుకరేకులుగా చూసిన కన్ను విశాఖ పల్లెజనానిది. ఆ పేరును పుస్తకంలోకెక్కించినవాడు రస్సెల్, లాటిన్‌లో ఆ పాముకు దక్కింది మాత్రం రస్సెల్ పేరే. విశాఖ తీరంలో దొరికే రెండువందల చేపల బొమ్మలతో అతని మరో గ్రంథం 1803లో రెండు భాగాలుగా అచ్చయింది.

రెండో పుస్తకం సామర్లకోటది. విలియం రాక్స్‌బర్గ్ 1780ల నుంచి అక్కడ ఉండి కంపెనీ కోసం మొక్కలు పెంచాడు, మిరియాలు, నీలిమందు సాగు పరీక్షించాడు. స్థానిక చిత్రకారులను జీతాలకు పెట్టుకుని వందలాది మొక్కల బొమ్మలు గీయించాడు. వాటిలోంచి లండన్‌లో జోసెఫ్ బ్యాంక్స్ ఎంపిక చేసినవి 'కోరమాండల్ తీరపు మొక్కలు' పేరుతో 1795 నుంచి దాదాపు పాతికేళ్ళపాటు మూడు సంపుటాలుగా, ఒక్కోదానిలో వంద చొప్పున మొత్తం మూడువందల రేకులుగా వచ్చాయి. లోహపు రేకు మీద చెక్కి, నల్లగా అచ్చేసి, ఆ తర్వాత ప్రతి కాగితానికీ చేత్తో రంగులద్దిన పుస్తకం అది. చాలా మొక్కలకు తెలుగు పేరు ఉంటుంది. చిరివేరు మొక్క గురించి రాస్తూ రాక్స్‌బర్గ్ మామూలు వర్ణనతో ఆగలేదు, దాని వేరుతో బట్టకు ఎర్రరంగు ఎలా పట్టిస్తారో వివరంగా రాశాడు. కలంకారీ ఎరుపు ఆ చిరివేరుదే. చెక్కఅచ్చుల నేల మీది మొక్క లోహపు అచ్చులోకి వెళ్ళి చేరిందన్నమాట.

ఈ బొమ్మలను దగ్గరగా చూడాలి. ఆకు ఒకటి ముందుకు ఒరిగి, ఇంకొకటి వెనక్కి మడతపడి ఉంటుంది. మడతపడిన ఆకు అడుగువైపు పాలిపోయిన పచ్చ. పక్కనే పువ్వును విప్పి కేసరాలూ అండాశయమూ విడివిడిగా చూపిస్తారు. విప్పి చూపమన్నది రాక్స్‌బర్గ్ అడిగిన సైన్సు. ఆకు ఒరిగిన తీరు మాత్రం చిత్రకారుడి చేతివాటం. కాగితం మీద దొర పేరుంటుంది, కింద మూలన లండన్ చెక్కేవాడి పేరుంటుంది, గీసినవాడి పేరు ఉండదు. వాళ్ళు ఏ ఊరివాళ్ళో, ఏ కులవృత్తివాళ్ళో పుస్తకం చెప్పదు. మన అచ్చుబొమ్మ చరిత్రలో నాకు అన్నిటికన్నా వెలితిగా తోచేది ఇదే. ఎలా గీయాలో తెలిసిన చేయి ఉంది, రేకు ఆ చేతికి అందలేదు.

కలకత్తాలో పరిస్థితి కొంత మెరుగు. అక్కడ రేకు దొరికింది. డానియెల్ అనే ఇంగ్లీషు చిత్రకారుడు సోదరుడి కొడుకును వెంటబెట్టుకుని వచ్చి 1786-88లో ఆ నగర దృశ్యాలు పన్నెండు ఆక్వాటింటు అనే ఎచింగు పద్ధతిలో అచ్చువేశాడు. ఆ పనుల్లో ఆరితేరిన స్థానిక కంసాలులు, చెక్కేవాళ్ళు తర్వాత బెంగాలీ పుస్తకాలకు బొమ్మలు చెక్కసాగారు. 1816లో వచ్చిన 'అన్నదామంగళ్' బొమ్మల పుస్తకంలో రెండు బొమ్మల కింద చెక్కినవాడిగా రాంచంద్ రాయ్ పేరుంది. పేరు కనబడటమే నాకు పెద్ద విషయంగా తోస్తుంది. ఆ తర్వాత బత్తలా ప్రాంతంలో చెక్కఅచ్చుల వ్యాపారం వర్ధిల్లింది. కాళీఘాట్ పటాల జోరును అందిపుచ్చుకుని, ఆఖరికి లితో రాళ్ళ ముందు ఓడిపోయింది.

లితో అంటే రాతిఅచ్చు. నునుపైన సున్నపురాయి మీద జిడ్డు సిరాతో రాసి, రాతిని తడిపి, రంగు రోలరు దొర్లిస్తే రాసినచోటే రంగు అంటుతుంది, తడిచోట అంటదు. నూనెకూ నీటికీ పడదన్న ఒక్క సంగతి మీద నడిచే విద్య ఇది. హైదరాబాదు రాజ్యంలో ఈ రాయి తొందరగానే పాతుకుపోయింది. కారణం లిపి. ఉర్దూ నస్తాలిక్ రాత వాలుగా జారుతూ పోతుంది, దానిని సీసపు అక్షరాల్లో పోతపోయడం చాలా కష్టం. అందుకే కాతిబు, అంటే లేఖకుడు, చేత్తో రాసి రాతి మీదకు ఎక్కించేవాడు. పంతొమ్మిదో శతాబ్దం నడిమికే నగరంలో షంసుల్ ఉమరా ప్రభువు తన ముద్రణాలయంలో విజ్ఞానశాస్త్ర గ్రంథాలను ఉర్దూలోకి తెచ్చి అచ్చు వేయించాడు. కంప్యూటరు వచ్చేదాకా హైదరాబాదు ఉర్దూ పత్రికల్లో కాతిబుల చేతిరాతే చెల్లింది. ఇంత రాతిఅచ్చు అలవాటున్న ఊళ్ళో ఆ రాతి మీద బొమ్మ గీసి కళ చేయాలని ఎక్కువమందికి తోచకపోవడం ఒక వింత. రాయి రాతకే అంకితమైపోయింది.

బొమ్మల రాయి బొంబాయిలో వెలిసింది. రవివర్మ తన తైలవర్ణ చిత్రాలను ఒలియోగ్రాఫులుగా, అంటే రంగుల రాతిఅచ్చులుగా, వేయడానికి 1894లో ప్రెస్సు పెట్టాడు. జర్మన్ యంత్రాలు, జర్మన్ పనివాళ్ళు. ప్లేగు, అప్పులు చుట్టుముట్టాక ప్రెస్సు మళవలికి తరలింది, ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే ఫ్రిట్జ్ ష్లైకర్ అనే జర్మన్ సాంకేతికుడి చేతికి పోయింది. ఒక్కో రంగుకు ఒక్కో రాయి, ఒక్కో బొమ్మకు పదికి పైగా రాళ్ళు. దాంతో లక్ష్మి, సరస్వతి, దమయంతి, శకుంతల దేశమంతా పాకారు. పటం కొని దేవుడి గదిలో పెట్టుకోవచ్చన్న ఊహే మామూలు ఇళ్ళకు కొత్త. తెలుగు ఇళ్ళలో దేవతల ముఖాలు ఎలా ఉండాలో చాలావరకు నిర్ణయించింది ఆ రాళ్ళే అంటే అతిశయోక్తి కాదు. 1972లో ఆ ప్రెస్సు కాలిపోయింది, కౌడిపల్లి హోటల్లోని లక్ష్మి మాత్రం ఇంకా తామర మీదే ఉంది. రవివర్మను మన విమర్శకులు తిట్టినంతా తిట్టారు. నాకైతే ఆయన మీద గౌరవమే. కాని ఆయన చేసింది చిత్రానికి నకళ్ళు తీయించడం, అచ్చునే చిత్రంగా ఆలోచించడం కాదు. ఆ ఆలోచన టాగోర్ల ఇంట్లో మొదలైంది.

కలకత్తాలో టాగోర్ల జొరాసంకో ఇంట్లో 1915 ప్రాంతంలో విచిత్రా సభ అనే కళాబృందం నడిచింది. అక్కడి లితో ప్రెస్సు మీద గగనేంద్రనాథ్ టాగోర్ కలకత్తా బాబుల సంస్కృతిని ఎగతాళి చేస్తూ వ్యంగ్యచిత్రాలు వేశాడు. 1917లో వచ్చిన 'అద్భుత లోక్' ఆ కోవదే. ముకుల్ దే 1916లో రవీంద్రుడి వెంట జపాను, అక్కణ్ణుంచి అమెరికా వెళ్ళి చికాగోలో ఎచింగు నేర్చుకున్నాడు. ఎచింగు కోసమే విదేశం వెళ్ళి నేర్చిన మొదటి భారతీయుడని పేరు. 1928లో కలకత్తా ప్రభుత్వ కళాశాలకు మొదటి భారతీయ ప్రిన్సిపాలయ్యాడు. నందలాల్ బోస్ శాంతినికేతన్‌లో లినోలియం ముక్కలతో పిల్లల పుస్తకానికి బొమ్మలు చెక్కాడు. 1930లో దండి నడకను చూపే గాంధీ బొమ్మ కూడా ఆయన లినోకట్టే. నల్లటి నేల మీద తెల్లటి గీతలతో కర్ర పట్టుకుని అడుగు ముందుకు వేసిన మనిషి. చౌకైన వస్తువు, ఎక్కువ కాపీలు, రాజకీయ నినాదం. దీన్ని చిత్తప్రసాద్, సోమనాథ్ హోర్ ఇంకా పదునెక్కించారు. 1943 బెంగాలు కరువు మీద చిత్తప్రసాద్ బొమ్మల పుస్తకం కాపీలను బ్రిటిష్ ప్రభుత్వం పట్టుకుని తగలబెట్టింది. సోమనాథ్ హోర్ 1971 తర్వాత 'గాయాలు' అనే వరసలో రంగే లేకుండా చేశాడు. కాగితపు గుజ్జును గాట్లు పెట్టిన అచ్చులో పోసి ఆరబెడితే తెల్లకాగితం మీద తెల్లటి గాయం మిగులుతుంది.

అదే శాంతినికేతన్‌కు, నందలాల్ దగ్గరికే, 1940లలో చిత్తూరు జిల్లా నందనూరు నుంచి ఒక కుర్రవాడు వెళ్ళాడు. పేరు కృష్ణారెడ్డి. 1925లో పుట్టాడు, మదనపల్లె దగ్గర ఋషివ్యాలీ బడిలో చదివాడు. క్విట్ ఇండియా రోజుల్లో ఉద్యమంలో దిగాడు. శాంతినికేతన్ తర్వాత మద్రాసులో కళాక్షేత్రలో బోధించి, లండన్ స్లేడ్ స్కూలుకూ, అక్కణ్ణుంచి పారిస్‌కూ వెళ్ళాడు. ఆయన ప్రధానంగా శిల్పి. జడ్కిన్, మరీనో మరీని వంటి శిల్పుల దగ్గర పనిచేశాడు. శిల్పి కావడం వల్లే ఆయన రేకును కాగితంలా చూడలేదు, కొండలూ లోయలూ ఉన్న నేలలా చూశాడు.

పారిస్‌లో స్టాన్లీ విలియం హేటర్ నడిపే అటెలియే 17 అనే వర్క్‌షాపు ఉండేది. 1927లో మొదలై, యుద్ధకాలంలో న్యూయార్క్ వెళ్ళి, 1950లో మళ్ళీ పారిస్ చేరింది. అక్కడ కృష్ణారెడ్డి, బొంబాయి చిత్రకారుడు కైకో మోతీ కలిసి ప్రయోగాలు చేసి కనిపెట్టిన పద్ధతిని విస్కాసిటీ అచ్చు అంటారు. అప్పటిదాకా రంగుల ఎచింగు అంటే రంగుకో రేకు. ఒకదాని మీద ఒకటి గురి తప్పకుండా దింపాలి, గురి తప్పితే పెదవి ఎరుపు గడ్డం మీదకు జారుతుంది. వీళ్ళు ఒకే రేకు మీద, ఒకే నొక్కుతో అన్ని రంగులూ తెచ్చారు.

పద్ధతి వినడానికి సులువు. రేకును రకరకాల లోతుల్లో మలుస్తారు, కొంత ఆమ్లంతో, కొంత ఉలితో, కొంత గీకుడు పనితో. లోతైన గీతల్లోకి ముందుగా ముదురు రంగు దట్టించి, పైదంతా గుడ్డతో తుడిచేస్తారు. తర్వాత అవిసెనూనె బాగా కలిపి జారుగా చేసిన ఒక రంగును గట్టి రోలరుతో దొర్లిస్తారు. గట్టి రోలరు వంగదు కాబట్టి ఆ రంగు మిట్టలకే అంటుతుంది. ఆపైన చిక్కటి రంగును మెత్తటి రోలరుతో దొర్లిస్తే, రోలరు వంగి పల్లాల్లోకి దిగుతుంది. మిట్టల మీద ముందే ఉన్న జారు రంగు ఈ చిక్కటిదాన్ని దగ్గరికి రానివ్వదు. కలవాల్సినచోట కలిసి, కలవకూడనిచోట విడిపోయి, నీలమూ పచ్చా ఎరుపూ పక్కపక్కన నిలుస్తాయి. చేతికి మాత్రం అంత సులువు కాదు. నూనె ఒక చుక్క ఎక్కువైతే మొత్తం బురద. ఎండ పూట ఒక తీరు, చలి పూట ఒక తీరు. వంటింట్లో దోసెపిండి పలుచన చూసే చూపు లాంటిదే కావాలి.

1963 నాటి 'వర్ల్‌పూల్' ఈ పద్ధతికి నాకు తెలిసిన గొప్ప ఉదాహరణ. సుడి మధ్యలోంచి గీతలు విరజిమ్మినట్టు బయటికి వస్తాయి. నీళ్ళ సుడా, పగిలిన గింజా, నక్షత్రాల గుంపా అన్నది చూసేవాడి ఇష్టం. 1968లో పారిస్ విద్యార్థుల ఉద్యమాన్ని చూసి 'డిమాన్‌స్ట్రేటర్స్' చెక్కాడు. ఎత్తిన చేతుల మనుషులు బారులు తీరి, మూలన నిలువుగీతలైపోతారు. 1981 నాటి 'గ్రేట్ క్లౌన్' రేకు నుంచి రంగులు మార్చి మార్చి ఎన్నో రూపాలు దింపాడు. ఒకే రేకులోంచి ఒకదానికొకటి పోలికలేని అచ్చులు! అచ్చు గుద్దినట్టు అనే మన మాటను తిప్పికొట్టినవాడు ఒక చిత్తూరు జిల్లావాడే కావడం నాకు ముచ్చట. 1972లో పద్మశ్రీ వచ్చింది. 1976లో న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో ముద్రణ కళా విభాగానికి చేరి, 2018లో అక్కడే కన్నుమూశాడు. ప్రపంచమంతటి నుంచి వచ్చిన చిత్రకారులు ఆయన దగ్గర ఆ రోలర్లు తిప్పడం నేర్చుకున్నారు. సొంత జిల్లాలో మాత్రం ఆయన పేరు చెబితే తెలిసినవాళ్ళు తక్కువ.

లక్ష్మా గౌడ్ దారి ఇందుకు ఎదురు. కృష్ణారెడ్డి ఊరు వదిలి విశ్వం వైపు పోతే, ఈయన బరోడా దాకా వెళ్ళి ఊళ్ళోకే తిరిగొచ్చాడు. హైదరాబాదు ఫైన్ ఆర్ట్స్ కళాశాలలో చదువు ముగించి 1963లో బరోడా మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయంలో చేరాడు. 1950లో మొదలైన ఆ కళావిభాగంలో అప్పుడు కె.జి. సుబ్రహ్మణ్యన్ బోధిస్తున్నాడు. గోడ బొమ్మైనా, మట్టి పలకైనా, చెక్క బొమ్మైనా, అచ్చైనా ఒక్క చేతి పనేనని నమ్మిన గురువు. శాంతినికేతన్ పాఠాన్ని గుజరాత్‌కు తెచ్చినవాడాయన. లక్ష్మా గౌడ్ అక్కడ గోడ చిత్రకళతో పాటు ముద్రణ కళ నేర్చాడు. తోటి తెలుగువాడు తోట వైకుంఠం కూడా తర్వాత అదే గురువు దగ్గరికి వెళ్ళాడు, కాని ఆయన పేరు నిలిచింది రంగుల్లో.

1965లో బరోడా నుంచి తిరిగొచ్చాక లక్ష్మా గౌడ్ చేతిలో ఎక్కువగా ఉన్నవి కలమూ సిరా. ప్రెస్సూ ఆమ్లమూ లేకుండా ఎచింగు జరగదు. ఈ కళకు ఉన్న అసలు చిక్కు ఇదే. పటానికి కుంచె చాలు, అచ్చుకు యంత్రం కావాలి. అది కొనగలిగినవాడో, దాన్ని పెట్టుకున్న సంస్థలో చోటు దొరికినవాడో అయితేనే ముందుకు సాగుతాడు. లక్ష్మా గౌడ్ చాలాకాలం హైదరాబాదు దూరదర్శన్‌లో పనిచేస్తూ, తీరిక వేళల్లో తన రేకుల దగ్గర కూర్చున్నాడు.

రేకు దగ్గర జరిగే పని చూద్దాం. జింకు రేకు చవక, రాగి రేకు నాజూకు. అంచులు ఆకురాయితో అరగదీయాలి, లేకపోతే ప్రెస్సులో కాగితం చిరిగిపోతుంది. రేకును వేడి చేసి మైనం పూత పూస్తారు, పొగ పట్టించి నల్లబరుస్తారు. ఆ నల్లటి పూత మీద సూదితో గీస్తే కింద లోహం తళుక్కుమంటుంది. తర్వాత ఆమ్లం తొట్టె. గీసినచోట బుడగలు లేస్తాయి, వాటిని పక్షి ఈకతో నెమ్మదిగా తుడుస్తుండాలి. లేత గీత కావాలంటే ముందుగా బయటికి తీసి అక్కడ వార్నిష్ పూసి మళ్ళీ ముంచాలి. ముదురు గీత కావాలంటే ఇంకాసేపు. నీడలకు ఆక్వాటింటు, అంటే రేకు మీద జిగురు పొడి చల్లి, కింద వేడి చేసి అంటించి, గింజగింజ మధ్య ఆమ్లాన్ని కొరకనివ్వడం. చివరికి రంగు దట్టించి, జాలీ గుడ్డతో, ఆఖర్న అరచేత్తో తుడిచి, తడిపిన కాగితం పరిచి, ఉన్ని దుప్పటి కప్పి ప్రెస్సు చక్రం తిప్పాలి. కాగితం ఎత్తి చూసేదాకా ఏం వచ్చిందో తెలియదు.

లక్ష్మా గౌడ్ ఎచింగుల్లో గీత వెంట్రుకంత సన్నం. మేక ఒంటి మీది రోమాలు, ముసలిదాని మెడ మడతలు, ఎండిన కొమ్మల చిక్కు, అన్నీ ఒకే రకం గీతల అల్లికలోంచి పుడతాయి. చూస్తుంటే మేక ఎక్కడ ఆగి చెట్టు ఎక్కడ మొదలైందో తెలియదు. మనిషి కూడా ఆ అల్లికలోనే ఉంటాడు. ఆడా మగా, కామమూ ఆకలీ, చెట్టూ పశువూ ఒకే జీవపదార్థంలా కలిసిపోతాయి. ఊళ్ళో దేహం గురించి సిగ్గు లేకుండా ఉండే మాటా పాటా నగరపు మధ్యతరగతి ఇంట్లో గుసగుసగా మారిపోవడం ఆయన్ను కలచిందని ఆ బొమ్మలే చెబుతాయి. 1960లు, 70ల నాటి ఆ పనులను చూసి ముక్కు మీద వేలేసుకున్నవాళ్ళు తక్కువేం కాదు. అశ్లీలమనే మాట నా దృష్టిలో ఇక్కడ నిలవదు. ఆ బొమ్మల్లో ఎవరూ ఎవరినీ దొంగచాటుగా చూడరు.

ఆయన ఇంటిపేరు కలాల్, కల్లు సారా వృత్తులతో ముడిపడ్డ మాట. తెలుగులో తాటిచెట్టునూ గీస్తాం, బొమ్మనూ గీస్తాం. మోకు కట్టుకుని చెట్టెక్కిన గీతకార్మికుడు పదునైన కత్తితో గెలను పూటపూటా అతి పల్చగా చెక్కుతాడు. లోతెక్కువైతే గెల పాడవుతుంది, తక్కువైతే కల్లు పడదు. రేకు మీది గీతకూ ఇదే ధర్మం. ఈ పోలిక నాది, ఆయన ఎక్కడా చెప్పింది కాదు. కాని మెదక్ తాళ్ళ కింద నిలబడి చూసినవాడికి తట్టక మానదు.

తర్వాత ఆయన హైదరాబాదు విశ్వవిద్యాలయంలో సరోజినీ నాయుడు స్కూలులో బోధించి, డీన్‌గా పనిచేసి 2001లో పదవీ విరమణ చేశాడు. మట్టి, కంచు, గాజు మీద బొమ్మలు అన్నీ చేశాడు. 2016లో పద్మశ్రీ వచ్చింది.

ఇదే కాలంలో ఢిల్లీలో జగ్‌మోహన్ చోప్రా 1968లో గ్రూప్ 8 అనే బృందం కట్టి ఉమ్మడి ప్రెస్సు మీద పని నడిపించాడు. 1976లో లలిత కళా అకాడమీ గఢీ స్టూడియోలు తెరిచింది. తెలుగు చిత్రకారుడు దేవరాజ్ డకోజీ అక్కడి ముద్రణ విభాగంలో ఏళ్ళతరబడి పనిచేసి, తర్వాత న్యూయార్క్‌లో రాబర్ట్ బ్లాక్‌బర్న్ వర్క్‌షాపులోనూ పనిచేశాడు. 1982లో తెరిచిన భోపాల్ భారత్ భవన్ ముద్రణశాలతో పాటు అంతర్జాతీయ ప్రింట్ బియెనాలెకూ చోటిచ్చింది. బరోడాలో 1999లో ఛాప్ అనే వర్క్‌షాపు వెలిసింది. అన్నీ కొద్దిమంది చిత్రకారులు ఒకే ప్రెస్సు చుట్టూ చేరిన కథలే.

ఈ కాలంనాటి అచ్చు కింద అంచు చూస్తే పెన్సిలుతో రాసిన మూడు సంగతులుంటాయి. ఎడమ పక్క భిన్నం, ఉదాహరణకు 7/25. పాతికలో ఇది ఏడవదని అర్థం. మధ్యన పేరు. కుడి పక్క సంతకం, సంవత్సరం. లెక్క పూర్తయ్యాక కొందరు రేకు మీద అడ్డంగా గీత కొట్టి రద్దు చేస్తారు. సామర్లకోటలో రాక్స్‌బర్గ్ కోసం ఆకు ఒరుగును గీసినవాడికీ ఈ పెన్సిలు సంతకానికీ మధ్య దాదాపు రెండువందల ఏళ్ళు.

నిజానికి రేకు, ఆమ్లం, మైనం మన ఊళ్ళకు ఎచింగు పేరుతో రాలేదు గానీ, వేరే దారిన వచ్చాయి. ఆఫ్‌సెట్ రాకముందు మండల కేంద్రాల అచ్చాఫీసుల్లో శుభలేఖల మీద వినాయకుడి బొమ్మకూ, ఎన్నికల కరపత్రాల మీద పార్టీ గుర్తుకూ జింకు బ్లాకులు వాడేవారు. నగరంలో బ్లాకుమేకరు నెగెటివ్ తీసి, రేకు మీద పడేసి, ఆమ్లంలో కొరికించి, చెక్కదిమ్మకు మేకులు కొట్టి పంపేవాడు. బొమ్మలో గీసిన గీత నిలిచి, మిగతాది తరిగిపోతుంది. లక్ష్మా గౌడ్ తొట్టెలో జరిగేదానికి ఇది తలకిందులు, రసాయనం మాత్రం అదే.

అటువంటి బ్లాకొకటి నా దగ్గర ఉంది. పాత ఇనుప సామాను కొట్లో సీసపు అక్షరాల గుట్టలోంచి ఏరుకున్నాను. అరచేతిలో పట్టేంత వినాయకుడు. చెక్కదిమ్మ అంచున చెదలు తిన్న గాడి, ఒక మేకు ఊడిపోయింది. బ్లాకు మీద తొండం కుడికి తిరిగి ఉంది. ఎవరో బ్లాకుమేకరు ఫిల్ము తిప్పి వేయడం మరిచాడేమో అనుకుని సిరా పూసి, తడి కాగితం మీద పెట్టి, బొటనవేలితో నొక్కి తీశాను. తొండం ఎడమకే పడింది, మన ఇళ్ళలో పెట్టుకునే వినాయకుడిలా.